మెర్జ్ బటన్ వెనక యాభై ఏళ్ల కథ

గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ కింద ఒక పచ్చ బటన్ ఉంటుంది కదా, మెర్జ్ అని. దాన్ని నొక్కుతాం. రెండు సెకన్లలో పని అయిపోతుంది. లేచి టీకి వెళ్లిపోతాం.

ఆ రెండు సెకన్లలో ఏం జరిగిందో ఎప్పుడైనా ఆలోచించారా? కోడ్ మన ల్యాప్‌టాప్‌లో లేదు. టెర్మినల్ ముందు ఎవరూ కూర్చుని కమాండ్ కొట్టలేదు. ఎక్కడో ఒక సర్వర్ మీద ఒక ప్రోగ్రామ్ ఇద్దరు మనుషులు రాసిన పనిని తీసుకుని, ఏ లైన్ ఉంచాలి, ఏ లైన్ తీసేయాలి అని తనే తేల్చేసింది. ఆ ఇద్దరిలో ఒకరి పని పోతే? అసలు పోయిందని తెలిసేదెలా?

ఈ ఎపిసోడ్ దాని గురించే. బ్రాంచ్‌లు కలపడం అనే పనిని మనిషి చేతిలోంచి ప్రోగ్రామ్ చేతికి ఎలా ఇచ్చారు, ఎవరిచ్చారు, ఎక్కడ భయపడ్డారు, ఎక్కడ దెబ్బతిన్నారు. కోడింగ్ రాకపోయినా పర్లేదు, అర్థమవుతుంది.

ముందు ఒక శుభలేఖ

చరిత్రలోకి వెళ్లేముందు ఒక చిన్న ఉదాహరణ. ఇంట్లో పెళ్లి. శుభలేఖ డ్రాఫ్ట్ తయారైంది. అదే కాపీ పెదనాన్నకీ పంపారు, పిన్నికీ పంపారు. పెదనాన్న కల్యాణ మండపం పేరు మార్చి పంపారు. పిన్ని కింద ఆహ్వానించేవాళ్ల జాబితాలో ఒక పేరు చేర్చి పంపింది. ఇప్పుడు మీ దగ్గర రెండు కాపీలున్నాయి. కలపాలి.

ఆ రెండు కాపీలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే మీకేం తెలుస్తుంది? తేడాలు తెలుస్తాయి, అంతే. పెదనాన్న కాపీలో ఒక పేరు లేదు. అది ఆయన కొట్టేశారా, లేక పిన్ని కొత్తగా చేర్చిందా? రెండు కాపీల నుంచి ఈ ప్రశ్నకి జవాబు రాదు. మొదట పంపిన డ్రాఫ్ట్ కూడా బయటికి తీస్తే అప్పుడు తెలుస్తుంది. డ్రాఫ్ట్‌లో ఆ పేరు లేదు, కాబట్టి పిన్నే చేర్చింది, కాబట్టి ఉంచాలి. మండపం పేరు పిన్ని కాపీలో డ్రాఫ్ట్‌లాగే ఉంది, పెదనాన్న కాపీలో వేరేగా ఉంది, కాబట్టి మార్చింది ఆయనే, కాబట్టి కొత్తది తీసుకోవాలి.

దీన్నే త్రీ-వే మెర్జ్ అంటారు. రెండు కొత్త కాపీలు, వాటి ఉమ్మడి పూర్వీకుడు, మొత్తం మూడు. ఒక్కరే మార్చిన చోట ఆ మార్పు తీసుకో. ఎవరూ మార్చని చోట అలాగే వదిలెయ్. ఇద్దరూ ఒకే చోట వేర్వేరుగా మారిస్తే ఆగు, మనిషిని అడుగు. ఆ ఆగడాన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటాం.

ఇంత సింపుల్ రూల్‌ని మెషీన్ చేత నమ్మకంగా చేయించడానికి ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందో ఇప్పుడు చూద్దాం.

తాళాల కాలం

1972. అమెరికాలో బెల్ ల్యాబ్స్. మార్క్ రాచ్‌కైండ్ అనే ఇంజినీర్ ఎస్‌సీసీఎస్ అనే సిస్టమ్ రాశాడు. ఒక ఫైల్ పాత వెర్షన్లన్నీ దాచిపెట్టడం దాని పని. అదే బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్రాయ్ డిఫ్ అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. రెండు ఫైళ్లిస్తే తేడా ఎక్కడుందో లైన్ల వారీగా చెప్తుంది. ఆ పద్ధతి వివరిస్తూ జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో ఒక రిపోర్ట్ కూడా రాశాడు. ఈరోజు మనం పచ్చ లైన్లు, ఎర్ర లైన్లు అని చూసేదానికి మూలం అదే.

1982లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ తెచ్చాడు. ఎస్‌సీసీఎస్ కంటే తేలిక, చాలామంది వాడారు. కానీ రెండిట్లోనూ పని జరిగే తీరు ఒకటే, తాళం. ఫైల్ మార్చాలంటే ముందు దాన్ని మీ పేరు మీద లాక్ చేసుకోవాలి. మీరు వదిలేదాకా ఇంకొకరు ముట్టుకోకూడదు. లైబ్రరీలో ఒకే కాపీ ఉన్న పుస్తకం మీరు ఇంటికి తీసుకెళ్లినట్టు.

సేఫ్‌గానే ఉంది కదా అనిపిస్తుంది. ఎవరి పనీ ఎవరూ చెరపరు. కానీ లాక్ చేసినవాడు సెలవు పెట్టి ఊరెళ్లిపోతే? మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. పని పోదు, ఆగిపోతుంది.

అప్పటికే మెర్జ్ చేసే ప్రోగ్రామ్ లేదా అంటే, ఉంది. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో డిఫ్3 అనే కమాండ్ ఉంది. పేరులోని 3 చూశారుగా, మూడు ఫైళ్లు పోల్చడం. ఆర్‌సీఎస్‌తో కూడా మెర్జ్ అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చేది. దాని పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది. అంటే పనిముట్టు ఉంది. లేనిది ధైర్యం. రోజువారీ పనిలో మెర్జ్‌ని నమ్మి తాళం తీసేయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ముగ్గురు, మూడు టైమింగ్‌లు

ఆ తాళం తీసేసిన కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది పెద్ద సిద్ధాంతంతో మొదలవలేదు. టైమ్‌టేబుల్ గొడవతో మొదలైంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు తన ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సీ కంపైలర్ మీద పనిచేస్తున్నాడు. ఒక విద్యార్థి పొద్దున తొమ్మిదికొచ్చి సాయంత్రం ఐదుకు వెళ్లే రకం. ఇంకొకడు ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. గ్రూన్‌కేమో సాయంత్రాలు మాత్రమే ఖాళీ. ఇలాంటి ముగ్గురి మధ్య తాళం పద్ధతి ఎలా నడుస్తుంది? ఒకడు లాక్ చేసి ఇంటికెళ్లిపోతే ఇంకొకడికి ఆ సాయంత్రం వృథా.

అందుకని గ్రూన్ ఆర్‌సీఎస్ మీద కొన్ని షెల్ స్క్రిప్టులు రాశాడు. ప్రతి ఒక్కరూ తమ సొంత కాపీ తీసుకుంటారు. ఎవరినీ అడగకుండా మార్చుకుంటారు. వెనక్కి పెట్టే ముందు, ఈలోపు మిగతావాళ్లు చేసిన మార్పుల్ని తమ కాపీలోకి మెర్జ్ చేసుకుంటారు. 1986లో దాన్ని అందరికీ విడుదల చేశాడు. అదే సీవీఎస్. తర్వాత 1989లో బ్రయన్ బెర్లినర్ దాన్ని సీ భాషలో తిరగరాశాడు. తర్వాతి పదేళ్లకు పైగా ఓపెన్ సోర్స్ ప్రపంచం చాలావరకు దాని మీదే నడిచింది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. తాళం పద్ధతి ఏమంటోంది? ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే ప్రమాదం, కాబట్టి ముట్టుకోనివ్వకు. సీవీఎస్ ఏమంటోంది? ముట్టుకోనివ్వు, నిజంగా ఢీకొన్నప్పుడు చెప్పు చాలు. ఆచరణలో ఇద్దరు ఒకే ఫైల్ మార్చడం మామూలే గానీ, ఒకే లైన్ మార్చడం చాలా అరుదు. ఆ అరుదైన సందర్భం కోసం అందర్నీ రోజూ ఆపడం దండగ అని గ్రూన్ ముగ్గురి టీమ్ తేల్చింది.

అయితే సీవీఎస్‌కి పెద్ద లోపం ఒకటుంది. మతిమరుపు. ఒక బ్రాంచ్‌ని మెయిన్‌లోకి ఒకసారి మెర్జ్ చేశారు. వారం తర్వాత ఆ బ్రాంచ్‌లో ఇంకో నాలుగు మార్పులొచ్చాయి, మళ్లీ మెర్జ్ చేయాలి. కానీ పోయిన వారం ఎక్కడిదాకా కలిపామో సీవీఎస్‌కి గుర్తుండదు. మీరే ట్యాగ్‌లు పెట్టుకుని గుర్తుంచుకోవాలి. మర్చిపోతే, ఇప్పటికే వచ్చిన మార్పులే మళ్లీ మీద పడి అనవసరమైన కాన్‌ఫ్లిక్ట్‌లు. 2004లో 1.0 వచ్చిన సబ్‌వెర్షన్‌లో కూడా, ఏ మెర్జ్ ఎక్కడిదాకా అయిందో గుర్తుపెట్టుకునే సదుపాయం 2008లో 1.5 వెర్షన్ వచ్చాకే కుదిరింది.

శుభలేఖ ఉదాహరణకి వస్తే, మొదటి డ్రాఫ్ట్ పారేసుకున్నట్టు. ఉమ్మడి పూర్వీకుడు ఎవరో తెలియకపోతే త్రీ-వే మెర్జ్ లేదు.

2005 ఏప్రిల్

లినక్స్ కెర్నెల్ టీమ్ 2002 నుంచి బిట్‌కీపర్ అనే కమర్షియల్ సిస్టమ్‌ని ఉచిత లైసెన్స్ మీద వాడుతోంది. 2005 ఏప్రిల్‌లో ఆ ఉచిత వాడకం ఆగిపోయింది. ఆండ్రూ ట్రిడ్జెల్ దాని ప్రోటోకాల్‌ని బయటినుంచి అర్థంచేసుకునే ప్రయత్నం చేయడం, అది లైసెన్స్‌కి విరుద్ధమని కంపెనీ అనడం, ఆ గొడవ పెద్దదవడం కారణం. వేలమంది రాసే కెర్నెల్‌కి ఒక్కసారిగా ఇల్లు లేకుండా పోయింది.

లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ 3న గిట్ మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7కల్లా గిట్ సోర్స్ కోడ్ గిట్‌లోనే ఉంది. ఏప్రిల్ 18న మొదటిసారి ఒకటికి మించి బ్రాంచ్‌ల మెర్జ్ జరిగింది. జూన్‌లో లినక్స్ 2.6.12 గిట్‌తోనే విడుదలైంది. జులైలో ప్రాజెక్ట్ బాధ్యత జునియో హమానోకి అప్పజెప్పాడు. ఇప్పటికీ ఆయనే చూస్తున్నాడు.

గిట్‌లో మతిమరుపు సమస్య ఎలా తీరిందో చూడండి. ప్రతి కమిట్‌లోనూ దాని తల్లిదండ్రులెవరో రాసి ఉంటుంది. మామూలు కమిట్‌కి ఒక పేరెంట్. మెర్జ్ కమిట్‌కి ఇద్దరు. అంతే. ఎక్కడిదాకా మెర్జ్ అయింది అని వేరే పుస్తకంలో రాసుకోనక్కర్లేదు, వంశవృక్షంలోనే ఉంది. రెండు బ్రాంచ్‌లిస్తే, రెండిట్నుంచీ పైకి నడుచుకుంటూ వెళ్లి కలిసే చోటు పట్టుకుంటుంది. దాన్ని మెర్జ్ బేస్ అంటారు. మన మొదటి డ్రాఫ్ట్ అన్నమాట.

ఒక సరదా విషయం. మొదట్లో గిట్‌కి ఒక ఫైల్ లోపల లైన్లు కలపడం సొంతంగా రాదు. ఆర్‌సీఎస్‌తో వచ్చే మెర్జ్ ప్రోగ్రామ్ గుర్తుపెట్టుకోమన్నాను కదా, గిట్ దాన్నే పిలిచేది! తాళాల కాలంనాటి పనిముట్టుతోనే కొత్త ప్రపంచం మొదలైంది. 2006లో గానీ గిట్ తన సొంత ఫైల్ మెర్జ్ కోడ్ తెచ్చుకోలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు బ్రాంచ్‌లు ఒకదాన్నొకటి అడ్డదిడ్డంగా మెర్జ్ చేసుకుంటే, మెర్జ్ బేస్‌లు రెండు దొరకొచ్చు. ఏది తీసుకోవాలి? 2005లోనే ఫ్రెడ్రిక్ క్యువినెన్ దీనికి ఒక దారి చూపించాడు. ముందు ఆ రెండు పూర్వీకుల్నే ఒకదాంతో ఒకటి మెర్జ్ చెయ్, వచ్చినదాన్ని బేస్‌గా వాడు. దాన్నే రికర్సివ్ అంటారు. మొదట పైథాన్‌లో రాశాడు, తర్వాత అది సీలోకి మారింది. చాలా ఏళ్లు గిట్ డిఫాల్ట్ మెర్జ్ అదే.

కమాండ్ నుంచి లైబ్రరీకి

ఇప్పటిదాకా ఒక మనిషి టెర్మినల్ ముందు కూర్చుని ఉన్నాడు. కాన్‌ఫ్లిక్ట్ వస్తే చూస్తాడు, సరిచేస్తాడు. 2008లో గిట్‌హబ్ వచ్చింది. ఇప్పుడు మెర్జ్ చేయాల్సింది వెబ్ సర్వర్. విజువల్ స్టూడియో లాంటి ఎడిటర్లకీ లోపల్నుంచే మెర్జ్ చేయాలని ఉంది. అంటే మెర్జ్ కమాండ్‌గా కాదు, ఒక ఫంక్షన్‌గా కావాలి.

గిట్ అందుకు కుదిరేలా కట్టలేదు. అది చిన్న చిన్న కమాండ్ల గుంపు. ఏదైనా తేడా వస్తే కోడ్‌లో డై అనే ఫంక్షన్ ఉంటుంది, అది ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. టెర్మినల్‌లో పర్లేదు, మళ్లీ కమాండ్ కొట్టుకుంటాం. అదే కోడ్‌ని మీ ఎడిటర్ లోపల పెడితే? ఒక రిపోజిటరీలో చిన్న తప్పు దొరికిందని ఎడిటర్ మొత్తం మూసుకుపోతుంది.

అందుకని 2008 చివర్లో షాన్ పియర్స్ లిబ్‌గిట్2 మొదలుపెట్టాడు. గిట్ కమాండ్‌ని పిలవకుండా, గిట్ చేసే పనులన్నీ ఒక సీ లైబ్రరీలో మళ్లీ రాయడం. జావాలో ఇదే పని చేసే జేగిట్ మొదలుపెట్టిందీ ఆయనే. 2018లో ఆయన చనిపోయారు. మనలో చాలామందికి ఆయన పేరు తెలియదు గానీ, ఆయన మొదలుపెట్టిన కోడ్ మాత్రం ఏదో ఒక రూపంలో మన మెషీన్ మీద నడిచే ఉంటుంది. రస్ట్ వాళ్ల కార్గో లిబ్‌గిట్2ని వాడుతుంది. పైథాన్‌కి పైగిట్2, రూబీకి రగ్డ్, డాట్‌నెట్‌కి లిబ్‌గిట్2షార్ప్, అన్నిటి కిందా ఇదే లైబ్రరీ.

2010లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ విద్యార్థిగా విసెంట్ మార్టీ వచ్చి దీన్ని వాడదగ్గ స్థాయికి తెచ్చాడు. ఒక స్టూడెంట్, సమ్మర్ ప్రాజెక్ట్! బీటెక్ చదివేవాళ్లు ఇది గమనించండి. మెర్జ్ మాత్రం వెంటనే రాలేదు, అది కష్టమైన ముక్క. అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో ఉన్న ఎడ్వర్డ్ థామ్సన్ ఆ పని మీద కూర్చున్నాడు. 2013లో మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియోలో గిట్ సపోర్ట్ ప్రకటించింది, లిబ్‌గిట్2 ఆధారంగానే. అదే ఏడాది లైబ్రరీలోకి మెర్జ్ వచ్చింది.

ప్రోగ్రామ్‌తో మెర్జ్ చేస్తే ఏం జరుగుతుంది

ఇది కొంచెం టెక్నికల్, కానీ అసలు విషయం ఇక్కడే ఉంది.

మొదటి మెట్టు, మెర్జ్ అవసరమా అని అడగడం. దీనికి మెర్జ్ ఎనాలిసిస్ అనే ఫంక్షన్ ఉంది. అది ముఖ్యంగా మూడు రకాల జవాబులిస్తుంది. ఒకటి, అవతలి బ్రాంచ్‌లో ఉన్నదంతా ఇప్పటికే మీ దగ్గరుంది, చేయాల్సిందేం లేదు. రెండు, మీ వైపు కొత్తగా ఏమీ లేదు, పాయింటర్‌ని ముందుకు జరిపితే చాలు, దాన్నే ఫాస్ట్ ఫార్వర్డ్ అంటాం. మూడు, ఇద్దరూ కదిలారు, నిజమైన మెర్జ్ చేయాలి.

రెండో మెట్టు, మెర్జ్ కమిట్స్ అనే ఫంక్షన్‌కి రెండు కమిట్‌లు ఇవ్వడం. అది బేస్ తనే వెతుక్కుని, ఫలితాన్ని మెమరీలో ఒక ఇండెక్స్‌గా ఇస్తుంది. వర్కింగ్ డైరెక్టరీలో ఒక్క ఫైల్ కూడా తీయదు, మార్చదు. సర్వర్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే.

మూడో మెట్టు, ఆ ఇండెక్స్‌లో కాన్‌ఫ్లిక్ట్‌లు ఉన్నాయా అని అడగడం. ఉంటే ఒక్కో ఫైల్‌కి మూడు ఎంట్రీలు దొరుకుతాయి. 1 అంటే పూర్వీకుడు, 2 అంటే మనది, 3 అంటే వాళ్లది. మళ్లీ అదే శుభలేఖ, అవే మూడు కాపీలు.

నాలుగో మెట్టు, కాన్‌ఫ్లిక్ట్ లేకపోతే ఇండెక్స్‌ని ట్రీగా రాసి, ఇద్దరు పేరెంట్‌లతో కమిట్ చేయడం.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రెండో మెట్టులో ఫంక్షన్ సున్నా తిరిగిస్తుంది, అంటే సక్సెస్. కాన్‌ఫ్లిక్ట్‌లున్నా సరే మామూలుగా సున్నానే ఇస్తుంది! ఎందుకంటే దాని దృష్టిలో కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ కాదు. మెర్జ్ ప్రయత్నించాను, ఇదిగో ఫలితం, ఇందులో కొన్ని చోట్ల నేను తేల్చలేను అంటోంది. మూడో మెట్టు మీరే అడగాలి. అడగకుండా ముందుకెళ్తే ట్రీ రాసే ఫంక్షన్ ఒప్పుకోదు, అది ఒక కాపలా. కానీ మెర్జ్ ఆప్షన్లలో ఫేవర్ అవర్స్ అని ఒకటుంది. ఇద్దరూ ఢీకొన్న చోటల్లా మనదే ఉంచు, అడక్కు అని. అది పెడితే కాపలా కూడా ఉండదు.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట రాత్రిపూట బ్రాంచ్‌ల్ని ఆటోమేటిక్‌గా కలిపే ఒక టూల్ ఉండేది, అందులో ఈ ఆప్షనే పెట్టి ఉంది. మా టీమ్‌లో ఒకమ్మాయి చేసిన బగ్ ఫిక్స్ ఒకటి నిశ్శబ్దంగా మాయమైంది. ఎర్రర్ లేదు, మెయిల్ లేదు. మూడు వారాల తర్వాత అదే బగ్ మళ్లీ కనిపించింది. ఫిక్స్ చేయలేదేంటి అని అందరూ ఆ అమ్మాయినే అడిగారు. తన కమిట్ హిస్టరీలో కనిపిస్తోంది, కోడ్‌లో మాత్రం లేదు! తన తప్పు లేదని తను నిరూపించుకోవాల్సి వచ్చింది. సరే మళ్లీ మెర్జ్ చేద్దామంటే, గిట్ ఇప్పటికే అంతా కలిసిపోయింది అంటుంది. నిజమే, మెర్జ్ కమిట్‌కి రెండో పేరెంట్‌గా తన బ్రాంచ్ రాసి ఉంది. వంశవృక్షం ప్రకారం పెళ్లి జరిగిపోయింది.

మెర్జ్‌లో మనకి తెలిసిన భయం కాన్‌ఫ్లిక్ట్. అసలు భయపడాల్సింది, రావాల్సిన కాన్‌ఫ్లిక్ట్ రాకపోవడానికి.

768 గొడవలు, అంతా క్షేమం

దీనికి చరిత్రలో ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. గిట్‌హబ్ సర్వర్లలో మొదట మెర్జ్ కోసం గిట్ కమాండ్లతో ఒక షెల్ స్క్రిప్ట్ నడిచేది. 2015లో దాన్ని లిబ్‌గిట్2కి మార్చాలనుకున్నారు. ఆ పని చేసిందీ, దాని గురించి రాసిందీ అదే విసెంట్ మార్టీ. ఒక్కసారిగా మార్చలేదు. ప్రతి మెర్జ్‌నీ పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో రెండు రకాలుగా నడిపి, ఫలితాలు పోల్చారు. యూజర్‌కి మాత్రం పాతదాని జవాబే వెళ్లేది.

తేడాలు దొరికాయి. మరి తప్పెవరిది? కొన్ని కొత్త కోడ్‌వి. కానీ ఒకటి పాత, ఏళ్ల తరబడి నమ్మిన గిట్‌లోనే ఉంది! ఒక ఫైల్‌ని మెర్జ్ చేసే గిట్ కమాండ్, ఎన్ని కాన్‌ఫ్లిక్ట్‌లు వచ్చాయో ఆ సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చేది. సున్నా అంటే కాన్‌ఫ్లిక్ట్‌లు లేవు. బాగానే ఉంది. కానీ యూనిక్స్‌లో ఎగ్జిట్ కోడ్‌కి 8 బిట్లే. అంటే 255 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఒక ఫైల్‌లో సరిగ్గా 256 కాన్‌ఫ్లిక్ట్‌లొస్తే? సున్నా. 512 వస్తే? సున్నా. 768 వస్తే? అదీ సున్నా. 768 చోట్ల గొడవ ఉన్న ఫైల్‌ని అంతా క్షేమం అని రిపోర్ట్ చేసినట్టే. తర్వాత గిట్‌లో ఆ సంఖ్యని 127 దగ్గర ఆపేసి సరిచేశారు.

ఒక్కటి గమనించండి. ఈ బగ్ ఎవరో కోడ్ చదువుతూ పట్టుకున్నది కాదు. ఒకే పనిని ఇద్దరి చేత వేర్వేరుగా చేయించి పోల్చారు కాబట్టి దొరికింది.

కథ మళ్లీ మొదటికి

ఈలోపు గిట్ కూడా కూర్చోలేదు. రికర్సివ్ మెర్జ్ కోడ్ పాతబడింది, పెద్ద రిపోజిటరీల్లో ఫైళ్ల పేర్లు మారితే చాలా నెమ్మది. ఎలైజా న్యూరెన్ దాన్ని మొదట్నుంచి తిరగరాశాడు. పేరు ఓఆర్‌టీ, ఓర్ట్ అంటారు. 2021 నవంబర్‌లో గిట్ 2.34తో అది డిఫాల్ట్ అయింది. దీని గొప్పదనం వేగం ఒక్కటే కాదు. పాతది వర్కింగ్ డైరెక్టరీలో ఫైళ్లు మారుస్తూ మెర్జ్ చేసేది, ఓర్ట్ అవేమీ ముట్టుకోకుండా ఫలితాన్ని లెక్కకట్టగలదు. లిబ్‌గిట్2 దగ్గరికి సర్వర్లు వెళ్లడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఇదే కదా! 2022లో గిట్ 2.38లో మెర్జ్-ట్రీ కమాండ్ ద్వారా దీన్ని సర్వర్లు నేరుగా వాడుకునేలా ఇచ్చారు. 2023లో గిట్‌హబ్ మెర్జ్ పనిని లిబ్‌గిట్2 నుంచి ఓర్ట్‌కి మార్చినట్టు ప్రకటించింది. ఈసారి కూడా రెండూ పక్కపక్కన నడిపి పోల్చాకే.

మరి లిబ్‌గిట్2 ఓడిపోయిందా? నేనలా అనుకోను. మీ యాప్ లోపల, మీ ఎడిటర్ లోపల, కమాండ్ పిలవకుండా మెర్జ్ కావాలంటే ఇప్పటికీ చాలాచోట్ల అదే దిక్కు. మెర్జ్ అంటే డిస్క్ మీద జరిగే గందరగోళం కాదు, రెండు కమిట్‌లు ఇస్తే ఒక జవాబు ఇచ్చే లెక్క అని అది చాలా ఏళ్ల పాటు చేసి చూపించింది.

కలిసింది, కానీ సరిపోయిందా?

చివరిగా ఒక పెద్ద ప్రశ్న. కాన్‌ఫ్లిక్ట్ లేకుండా మెర్జ్ అయితే కోడ్ సరిగ్గా ఉన్నట్టేనా?

శుభలేఖలో పెళ్లి శుక్రవారం అని ఉంది. పెదనాన్న పంతులుగారితో మాట్లాడి దాన్ని గురువారానికి మార్చారు. పిన్నికి అది తెలియదు. పెళ్లికి ముందురోజు కదా అని కింద ఒక కొత్త లైన్ చేర్చింది, గురువారం సాయంత్రం సంగీత్. రెండు మార్పులూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. మెషీన్ హాయిగా కలిపేస్తుంది. పొద్దున పెళ్లి అయిపోతుంది, సాయంత్రం సంగీత్ మొదలవుతుంది!

కోడ్‌లో కూడా అంతే. ఒకరు ఒక ఫంక్షన్ పేరు మార్చారు, ఇంకొకరు వేరే ఫైల్‌లో పాత పేరుతో దాన్ని పిలిచారు. మెర్జ్ క్లీన్, బిల్డ్ ఫెయిల్. బిల్డ్ ఫెయిలైతే అదృష్టమే, వెంటనే తెలుస్తుంది. ఒకరు ధరని రూపాయల నుంచి పైసల్లోకి మార్చి, ఇంకొకరు దాన్ని రూపాయలనుకుని కొత్త కోడ్ రాస్తే బిల్డ్ కూడా పాసవుతుంది.

2007లో సంజీవ్ ఖన్నా, కేశవ్ కునాల్, బెంజమిన్ పియర్స్ అనే ముగ్గురు డిఫ్3 మీద గణితపరంగా ఒక పరిశోధనా పత్రం రాశారు. అది ఆ ఏడాది డిసెంబర్‌లో న్యూఢిల్లీలో జరిగిన సదస్సులో వచ్చింది. అప్పటికి మూడు దశాబ్దాలుగా అందరూ వాడుతున్న పద్ధతి కదా, అది కచ్చితంగా ఏ హామీ ఇస్తుందో చూద్దామని కూర్చుంటే, చాలామంది సహజంగా ఉంటాయనుకునే కొన్ని లక్షణాలు దానికి లేవని తేలింది. లైన్లు కలపడం వేరు, అర్థం కలపడం వేరు.

మరి దీనికి మందేంటి? రస్ట్ భాష మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మెర్జ్ ఫలితాన్ని ముందు పక్కన తయారుచెయ్. దాని మీద టెస్టులు నడుపు. పాసైతేనే మెయిన్ బ్రాంచ్‌ని అక్కడికి జరుపు. రస్ట్‌లో బోర్స్ అనే బాట్ ఈ పని చేసేది. 2023లో గిట్‌హబ్ అందరికీ ఇచ్చిన మెర్జ్ క్యూ కూడా ఇదే ఆలోచన. గమనించారా, మెర్జ్ ఒక ఫంక్షన్ అయింది కాబట్టే ఇది వీలైంది. ఫలితం చూసి, నచ్చకపోతే పారేయొచ్చు.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. 1972లో మెషీన్ అందర్నీ ఆపేది. 1986లో, ఢీకొన్న చోట మాత్రమే ఆపు అన్నారు. 2005లో, ఎక్కడ ఢీకొన్నారో తేల్చే వంశవృక్షం ఇచ్చారు. 2013లో ఆ నిర్ణయాన్ని మనలాంటివాళ్లు రాసే ప్రోగ్రామ్ చేతికిచ్చారు. ఇక ఎక్కడ ఆగాలన్నది మన కోడ్ చెప్పాలి. ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా ఒక్కొక్కటి ఒక్కో బ్రాంచ్ తెరిచి కోడ్ రాస్తున్నాయి, మెర్జ్‌లు ఇంకా పెరుగుతాయి, మనుషుల కళ్లు మాత్రం అన్నే ఉన్నాయి.

కాబట్టి మీరు ఎప్పుడైనా మెర్జ్ చేసే స్క్రిప్ట్ రాస్తే మూడు పనులు చేయండి. కాన్‌ఫ్లిక్ట్ ఉందా అని తప్పకుండా అడగండి. అవర్స్ అని కళ్లుమూసుకుని పెట్టకండి, ఆపి ఆ ఇద్దరికీ మెసేజ్ వెళ్లేలా చేయండి. మెర్జ్ అయ్యాక టెస్ట్ నడిపి, అప్పుడే బ్రాంచ్ జరపండి. మీరు కలుపుతున్న ప్రతి లైన్ వెనకా రాత్రి మేలుకుని రాసినవాళ్లు ఒకరుంటారు. వాళ్ల పని పోతే కనీసం వాళ్లకి తెలియాలి.

మీ టీమ్‌లో ఇలా మెర్జ్‌లో మాయమైన కోడ్ కథలుంటే కింద రాయండి, కంపెనీ పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.